పది ముక్కలు, నాలుగు పడవలు

ఆర్డరు వచ్చింది మామూలు మంగళవారం నాడు. పాస్‌బుక్ ప్రింటరు పాడై కౌంటర్ దగ్గర ఒకాయన కేకలేస్తుంటే మా మేనేజరు గారు లోపలికి పిలిచి, "కంగ్రాట్స్ మేడమ్, స్కేల్ త్రీ ప్రమోషన్ వచ్చేసింది" అన్నారు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "పోస్టింగ్ మాత్రం లక్నో వైపు ఉండొచ్చు" అన్నారు. పది రోజుల్లో ఒప్పుకుంటున్నాననో, వద్దనో రాసివ్వాలి. వద్దంటే మళ్ళీ ప్రమోషన్ ఊసెత్తడానికి కొన్నాళ్ళు ఆగాలి. ఈసారి రావడానికే నాకు రెండు ఇంటర్వ్యూలు పట్టింది.

నాకు 43 ఏళ్ళు. రాజమండ్రిలో ఒక్కదాన్నే ఉంటాను. ఆ కథ ఇక్కడ అక్కర్లేదు. అమ్మ అమలాపురంలో ఒక్కతే ఉంటుంది. నాన్న పోయి మూడేళ్ళయింది. అన్నయ్య డల్లాస్‌లో ఉన్నాడు, ఆదివారం ఆదివారం వీడియో కాల్‌లో కనిపిస్తాడు. బ్యాంకుకి రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు కాబట్టి నెలకి రెండుసార్లు రావులపాలెం మీదుగా బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్తాను. లక్నో వెళ్తే ఆ రెండు శనివారాలూ పోతాయి. నా సమస్య ఇంతే. చెప్పుకుంటే నాలుగు వాక్యాలు, కానీ నాలుగు రాత్రులు నిద్ర లేదు.

టారో కార్డులు, అంటే జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల ముక్కలు, నా దగ్గర ఏడాదిన్నరగా ఉన్నాయి. మా బ్రాంచిలోనే పనిచేసి రిటైరైన ఒక మేడమ్ అలవాటు చేశారు. ఆవిడ జ్యోతిష్యం నమ్మరు, వాస్తు నమ్మరు, కానీ రోజూ పొద్దున కాఫీతో పాటు ఒక కార్డు తీస్తారు. "భవిష్యత్తు చెప్పేట్టయితే ముందు లాటరీ టికెట్ కొనేదాన్ని కదండీ" అంటారు. ఆవిడ నేర్పిన మొదటి పాఠం ఒకటే: పుస్తకం మూసెయ్యండి, బొమ్మలో ఏముందో పైకి చెప్పండి. ఎవరున్నారు, ఎటు చూస్తున్నారు, చేతిలో ఏముంది, వెనకాల ఏముంది. అర్థం సంగతి తర్వాత.

ఇది తేలికని అనుకున్నాను. ప్రయత్నిస్తే తెలిసింది. నాలుగో మాటకే మనం చూడటం మానేసి కథ చెప్పడం మొదలుపెడతాం. "ఒకామె కూర్చుంది" అనడానికి బదులు "పాపం ఒకామె బాధగా కూర్చుంది" అంటాం. ఆ "పాపం" కార్డులో లేదు.

డెక్ గురించి, అంటే ఈ కార్డుల కట్ట గురించి, కొంచెం చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది దాని మీదే ఆధారపడి ఉంది. మొత్తం 78 కార్డులు. అందులో 22 మేజర్ ఆర్కానా. ఎంప్రెస్, డెత్, టవర్, మూన్ లాంటి పెద్ద బొమ్మలన్నీ ఇక్కడే. మిగతా 56 మన పేక ముక్కలకి పెద్దన్నల్లాంటివి: వాండ్స్ అంటే కర్రలు, కప్స్ అంటే గిన్నెలు, స్వోర్డ్స్ అంటే కత్తులు, పెంటకిల్స్ అంటే నాణేలు. మన ఇస్పేటు అనే మాట వెనకాల ఉన్నది కూడా కత్తే. పదిహేనో శతాబ్దంలో ఇటలీ ఉత్తరాన ఇవి పుట్టింది జోస్యానికి కాదు, ఆడుకోవడానికి. 1781లో ఫ్రాన్సులో కోర్ ద జెబ్లాఁ అనే పండితుడు ఇదంతా ఈజిప్టు పూజారుల రహస్య విద్య అని రాశాడు. ఆధారమేమీ లేదు. అయినా ఆ మాట అలాగే పట్టుకుంది. పాతదని చెబితే గౌరవం పెరగడం మనకీ తెలిసిన విషయమే.

నేను వాడేది 1909లో లండన్‌లో అచ్చయిన డెక్. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే ఆయన చెప్పగా పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది. అంతకు ముందు చాలా డెక్‌లలో చిన్న కార్డుల మీద ఆరు కత్తులంటే ఆరు కత్తులే ఉండేవి, మన పేకలో ఆరు ఆఠీన్లు ఉన్నట్టు. ఈవిడ ఆ చిన్న కార్డుల్లో కూడా దాదాపు అన్నిట్లోనూ మనుషుల్ని పెట్టింది. నాటకాల వాళ్ళతో పనిచేసిన మనిషి కాబట్టి చాలా బొమ్మలు స్టేజీ మీద సీనులా ఉంటాయి. పని పెద్దది, డబ్బు మాత్రం చాలా కొంచెం అని అప్పట్లోనే ఒక ఉత్తరంలో రాసుకుంది. డెక్‌కి రైడర్ అని పబ్లిషర్ పేరు, వెయిట్ అని ఆయన పేరు చేరాయి గానీ ఈవిడ పేరు చాలా కాలం ఎవరూ కలపలేదు. 1951లో డబ్బుల్లేకుండానే పోయింది. ప్రతి కార్డు మూలనా పాములా మెలితిరిగిన ఆవిడ సంతకం ఉంటుంది. డెక్ తీసినప్పుడల్లా నా కన్ను ముందు దాని మీదికే పోతుంది. చెక్కుల మీద సంతకాలు చూసే ఉద్యోగం కదా.

మంగళవారం రాత్రి డెక్ తీసి మళ్ళీ పెట్టేశాను. డాక్టరు తన ఇంట్లోవాళ్ళకి ఆపరేషన్ చెయ్యడంటారు. నా విషయం నేనే చదువుకోలేనేమో అనిపించి బుధవారం ఆన్‌లైన్‌లో ఒకావిడ దగ్గర అరగంటకి 1,500 రూపాయలు కట్టి రీడింగ్ చెప్పించుకున్నాను. మూడు కార్డులు తీసి, కెమెరాకి సరిగా చూపించకుండానే, మీ చుట్టూ నెగెటివ్ ఎనర్జీ ఉంది, ఎవరిదో దిష్టి తగిలింది, జీవితంలో పెద్ద మార్పు రాబోతోంది అన్నారు. ట్రాన్స్‌ఫర్ గురించి అడిగిన మనిషికి మార్పు రాబోతోందని చెప్పడానికి కార్డులెందుకు? చివర్లో నాలుగు వేల రూపాయల రాళ్ళ బ్రేస్‌లెట్ పెట్టుకోమన్నారు. చిన్నప్పుడు కోటిపల్లి రేవు దగ్గర చిలక జోస్యం చెప్పించుకుంటే ఇంతకంటే బాగుండేది. చిలక బయటికొచ్చి, దేవుడి బొమ్మ కార్డు ఒకటి ముక్కుతో లాగి, గింజ తిని బుద్ధిగా పంజరంలోకి పోయేది. బ్రేస్‌లెట్ అమ్మేది కాదు.

మర్నాడు రిటైరైన మేడమ్‌కి ఫోన్ చేశాను. "ప్రమోషన్ తీసుకోనా వద్దా అని అడుగుదామనుకుంటున్నాను" అన్నాను.

"అలా అడిగితే బొమ్మా బొరుసా వేసుకుంటే చాలు. కార్డులకి అవును కాదు చెప్పడం రాదండీ. ఈ వ్యవహారంలో నాకు కనబడనిది ఏంటి అని అడగండి."

శుక్రవారం రాత్రి భోజనమయ్యాక టీవీ కట్టేసి, మంచం మీద దుప్పటి సర్ది, కార్డులు కలిపాను. పేక కలపడం నాన్న దగ్గర నేర్చుకున్నదే. కోత కోసి, పది కార్డులు పరిచాను. దీన్ని కెల్టిక్ క్రాస్ అంటారు. మధ్యలో ఒకటి, దాని మీద అడ్డంగా ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి, వెనక ఒకటి, ముందు ఒకటి, కుడి పక్కన నిచ్చెనలా కింద నుంచి పైకి నాలుగు. ఒక్కో చోటుకి ఒక్కో పని: ఇప్పుడున్న స్థితి, అడ్డం వచ్చేది, అందుకోగలిగింది, పునాది, జరిగిపోయింది, జరగబోయేది, నేను, నా ఇల్లు, నా ఆశలూ భయాలూ, ఎక్కడికి తేలుతుంది. తలకిందులుగా వచ్చిన కార్డులకి వేరే అర్థాలు చెబుతారు. నేను వాటిని తిన్నగా తిప్పేస్తాను. ఉన్న తలనొప్పి చాలు.

నాకు వచ్చినవి ఇవీ. మధ్యలో టూ ఆఫ్ స్వోర్డ్స్: కళ్ళకి గంతలు కట్టుకుని, రెండు కత్తులు గుండెల మీద అడ్డంగా పట్టుకుని కూర్చున్న ఆడమనిషి, వెనకాల సముద్రం. దాని మీద అడ్డంగా ఎంప్రెస్: గోధుమ చేను ముందు మెత్తల మీద ఆనుకుని కూర్చున్న మహారాణి. పైన త్రీ ఆఫ్ వాండ్స్: మనవైపు వీపు పెట్టి సముద్రం వైపు చూస్తున్న మనిషి. కింద ఫైవ్ ఆఫ్ కప్స్: మూడు గిన్నెలు ఒలికిపోయి, నల్ల దుప్పటి కప్పుకుని తలదించుకున్న మనిషి. వెనక ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్: బల్ల మీద కూర్చుని నాణెం చెక్కుతున్న పనివాడు. ముందు సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్: పడవలో ముసుగేసుకున్న ఆడమనిషి, పక్కన పిల్లాడు, నిలబెట్టిన ఆరు కత్తులు, వెనక నిలబడి పడవ నడిపేవాడు. నేను అనే చోట నైన్ ఆఫ్ స్వోర్డ్స్: అర్ధరాత్రి మంచం మీద లేచి మొహం చేతుల్లో దాచుకున్న మనిషి. ఇది చూసి నవ్వొచ్చింది. నాలుగు రాత్రులుగా నా అవతారం అదే. ఇల్లు అనే చోట టెన్ ఆఫ్ పెంటకిల్స్: గుమ్మం బయట కూర్చున్న ముసలాయన, కుక్కలు, లోపల మాట్లాడుకుంటున్న జంట, ఒక పిల్లాడు. తొమ్మిదో చోట డెత్. పదో చోట టూ ఆఫ్ పెంటకిల్స్: రెండు నాణేలు గాల్లో ఆడిస్తున్న కుర్రాడు.

పాత డైరీ తీసి రాసుకుంటూ కూర్చున్నాను. ఎంప్రెస్ అంటే తల్లి, ఏ పుస్తకంలోనైనా అదే. అడ్డం వచ్చిన చోట తల్లి. చదవగానే కడుపులో దేవింది. "అమ్మ అడ్డం" అని రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను. టెన్ ఆఫ్ పెంటకిల్స్‌లో గుమ్మం బయట కూర్చున్న ముసలి ప్రాణం, ఎవరూ తనవైపు చూడట్లేదు. అది కూడా అమ్మే. ఫైవ్ ఆఫ్ కప్స్ నాన్న పోయాక అమ్మ. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్‌లో పడవ నడిపేది నేను, ముసుగేసుకున్నది అమ్మ. తనని ఇల్లు విడిపించి లక్నో తీసుకుపోతున్నాను. తెలియని భాష, తెలియని చలి.

తొమ్మిదో చోటు దగ్గర చాలాసేపు ఆగాను. ఆశలూ భయాలూ రెండూ ఒకే చోట ఎందుకు పెట్టారా అని ఇదివరకు అనుకునేదాన్ని. వేరు వేరుగా పెట్టొచ్చుగా? డెత్ అంటే చావు కాదు, మార్పు అని అన్ని పుస్తకాలూ సర్ది చెబుతాయి. నాకు ఆ రాత్రి చావులాగే కనబడింది. నేను అక్కడుండగా ఇక్కడ అమ్మకి ఏమైనా అయితే అన్నది భయం, అది తెలిసిందే. కానీ ఆ చోటు పేరులో సగం ఆశ. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రాత్రుల్లో ఒక రాత్రి, ఒక్క క్షణం, ఇదంతా దానంతటదే తేలిపోతే బాగుండును, నేను నిర్ణయించాల్సిన అవసరం లేకుండా పోతే బాగుండును అనిపించింది. ఏది ఎలా తేలిపోతే అన్నది నా మనసు ఆ వాక్యంలో చెప్పలేదు. కార్డు చూశాక చెప్పింది. డైరీలో అది రాయలేదు. "మార్పు" అని రాసి, పేజీ ఫొటో, కార్డుల ఫొటో తీసుకుని పడుకున్నాను.

మర్నాడు అమలాపురం. ఇంటి వెనక ఒకప్పుడు కొబ్బరి తోట ఉన్న చోట ఇప్పుడు రొయ్యల చెరువు, నీళ్ళలో గాలి కలపడానికి రాత్రీ పగలూ తిరిగే ఏరేటర్ల చప్పుడు. అమ్మ పొద్దున్నే చిక్కుడుకాయలు ముందేసుకుని వసారాలో కూర్చుంది. నేను పక్కనే చాప మీద ఫొటో చూసుకుంటూ అవే పది కార్డులు అదే వరసలో పరిచాను. దాచుకుని చూద్దామనే అనుకున్నాను గానీ వసారాలో తప్ప ఫ్యాను గాలి లేదు.

"ఏంటే, పొద్దున్నే పేక పరిచావు?"

"పేక కాదమ్మా, టారో అని..."

"చిలకేదీ?"

చెప్పాను. లక్నో సంగతి కూడా అప్పుడే చెప్పాను, ఎలా చెప్పాలో తెలియక కార్డుల మధ్యలో పెట్టి. అమ్మ ఏమీ అనలేదు. చేతులు చీరకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని చాప మీదికి వంగింది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక తనకి చిన్న చిన్నవి కూడా బాగా కనిపిస్తాయి. ఎవరైనా ఫొటో చూపిస్తే ముందు వెనకాల గోడ మీదున్న క్యాలెండరు చదువుతుంది.

"ఇన్ని పడవలేంటే ఇందులో?"

పడవ ఒక్కటే కదమ్మా అన్నాను. ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించింది. సముద్రం వైపు చూస్తున్న మనిషి ముందు దూరంగా ఓడలు. ముసుగు మనిషి పడవ. నాణేలు ఆడించేవాడి వెనకాల ఇంత పొడుగు అలల మీద రెండు ఓడలు. నల్ల కవచంతో తెల్ల గుర్రం మీద వస్తున్న డెత్ వెనకాల, పడిపోయిన రాజు మీదుగా చూస్తే, ఏటిలో బొట్టంత పడవ. ఏడాదిన్నరగా ఆ కార్డు చూస్తున్నాను. గుర్రం చూశాను, జెండా చూశాను, పువ్వులు పట్టుకున్న పసిపిల్లని చూశాను. పడవని చూడలేదు.

అమ్మ పుట్టింది ముక్తేశ్వరం దగ్గర లంకలో. బడికి, సంతకి, పెళ్ళికి, పురిటికి అన్నిటికీ పడవే. తను పడవని చూసినట్టు నేను చూడలేను. సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్ చేతిలోకి తీసుకుంది.

"వీడు గెడ వేస్తున్నాడు."

"అయితే?"

"గెడ అడుక్కి అందితేనే కదే పడవ కదిలేది? లోతు లేదన్నమాట. గోదారి నిండుగా ఉన్నప్పుడు గెడ పనికిరాదు, తెడ్డు వెయ్యాలి, తెరచాప ఎత్తాలి. వీడు హాయిగా నిలబడి గెడ వేస్తున్నాడు. అవతలి గట్టు కూడా కనిపిస్తోంది."

"మరి ఆ కత్తులు?"

"సామాను. మా పెళ్ళయ్యాక నన్ను పంపించేప్పుడు రోలు కూడా పడవలోనే వేశారు. మునిగిపోతుందేమో అని నేను ఏడుపు. మునగలేదుగా." కార్డు కింద పెట్టి, "ఈ మూల కూర్చున్నదెవరు?" అంది.

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. "నువ్వు. నడిపేది నేను."

"ఈ రాణీగారు?"

"నువ్వే."

"గుమ్మం బయట ముసలాడు?"

నేను మాట్లాడలేదు. తనకి అర్థమైంది. నల్ల దుప్పటి మనిషి మీద వేలు పెట్టి నావైపు చూసింది, తల ఊపాను.

"అన్నిట్లోనూ నన్నే కూర్చోబెట్టావే. నీకు ఒక్క బొమ్మ కూడా రాలేదా?"

కోపంగా అనలేదు, చిక్కుడుకాయ ఈనె తీస్తూ అంది. అర్ధరాత్రి లేచి కూర్చున్న మనిషిని చూపించి "ఇది నేనే" అన్నాను. "నిద్రపోనిది ఒక్కటే నీదా" అని తను నవ్వింది, నేను నవ్వలేకపోయాను. డెత్ కార్డు గురించి కూడా అడిగింది. మార్పు అని అర్థమమ్మా అన్నాను. "మార్పట. గుర్రం మాత్రం బాగుంది" అని, కాయల చేట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ కార్డు దగ్గర నా మనసులో ఏం తిరిగిందో తనకి చెప్పలేదు. చెప్పను కూడా.

మధ్యాహ్నం తను పడుకున్నాక వెయిట్ రాసిన పద్ధతి ఫోన్‌లో మళ్ళీ చదివాను. అసలు పద్ధతిలో పది కార్డులు పరిచే ముందు ఇంకొకటి పెట్టాలి. అడిగే మనిషికి గుర్తుగా, కావాలని ఎంచుకుని, మధ్యలో బొమ్మ పైకి ఉండేట్టు పెట్టే కార్డు. సిగ్నిఫికేటర్ అంటారు. మొదటి కార్డుని వెయిట్ "కప్పేది" అంటాడు, అంటే ఆ మనిషిని కప్పేదని. అడ్డం వచ్చేది ఆ మనిషికే అడ్డం. ఇప్పుడు చాలామంది ఈ కార్డు పెట్టరు. ఒక మంచి కార్డు దండగ అవుతుందని నేనూ పెట్టేదాన్ని కాదు. మొదటి నుంచీ నా కార్డు లేకుండానే నా విషయం అడుగుతున్నానన్నమాట.

ఎవరికి ఏ కార్డు అన్నదానికి వెయిట్ ఒక లెక్క చెప్పాడు. నలభై దాటిన ఆడవాళ్ళకి క్వీన్. సూట్, అంటే కర్రలు, గిన్నెలు, కత్తులు, నాణేల్లో ఏ రకం అన్నది, ఏమో రంగుని బట్టి: పసుపు జుట్టు తెల్లవాళ్ళు ఒకటి, గోధుమరంగు జుట్టువాళ్ళు ఇంకొకటి, ఇలా వెళ్ళి వెళ్ళి నల్లజుట్టు, నల్లకళ్ళు, ఛామనఛాయ వాళ్ళకి పెంటకిల్స్. ఆ లెక్కన కన్యాకుమారి నుంచి పైకి అందరమూ పెంటకిల్సే. లండన్‌లో కూర్చుని లెక్క వేస్తే అలాగే వస్తుంది. అయినా బ్యాంకు ఉద్యోగానికి నాణేల రాణి బానే కుదిరింది. క్వీన్ ఆఫ్ పెంటకిల్స్ తోటలో సింహాసనం మీద కూర్చుని, ఒళ్ళో పెద్ద నాణెం పెట్టుకుని, తల వంచి దాన్నే చూస్తుంటుంది. చుట్టూ పువ్వులు, మూలన ఒక కుందేలు గెంతుతూ ఉంటుంది. ఆవిడ చూపు ఒళ్ళోంచి లేవదు.

ఆ కార్డు మధ్యలో పెట్టి, మిగతా పదీ మళ్ళీ ఉన్న చోట్లలోనే పరిచాను. కొత్తగా తియ్యలేదు. ఈసారి పందెం ఒకటే: ఏ బొమ్మలోనూ అమ్మని కూర్చోబెట్టకూడదు. తోచకపోతే ఖాళీగా వదిలెయ్యాలి.

కష్టమైంది. ఎంప్రెస్ దగ్గరే చెయ్యి ఆగిపోయింది. మెత్తల మీద ఆనుకుని, కిరీటం పెట్టుకుని, చేను పండించి అందరికీ నేనే దిక్కు అన్నట్టు కూర్చున్నది నేనైతే? నెలకి రెండు శనివారాలు వెళ్ళి, మందుల డబ్బాలు నింపి, గ్యాస్ బుక్ చేసి, పనిమనిషితో గట్టిగా మాట్లాడి వస్తాను. మిగతా రోజులన్నీ తను ఎలా ఉంటోందో ఎప్పుడూ అడగలేదు, ఉంటోంది కాబట్టి. ఫైవ్ ఆఫ్ కప్స్‌లో ఒలికిన మూడు గిన్నెలే నేను చూస్తూ వచ్చాను. వెనకాల రెండు నిలబడే ఉన్నాయి, ఏటి మీద వంతెన కూడా ఉంది. నాన్న పోయినప్పటి నుంచి ఏడవకుండా తిరుగుతున్నది అమ్మ కాదు, నేను. అమ్మ ఏడ్చేసి, మూడో నెలలో భజన గుంపులో చేరిపోయింది. టెన్ ఆఫ్ పెంటకిల్స్ నాకు అర్థం కాలేదు, ఖాళీగా వదిలేశాను. ఇప్పటికీ కాలేదు.

పదో చోట కార్డుకి పుస్తకం చెప్పే అర్థం రెండు పనులు ఒకేసారి నడిపించడం. నేను రాత్రి దీన్ని విసుగ్గా దాటేశాను, ఇది జవాబెలా అవుతుందని. తీసుకోనా, వద్దా అన్నదానికి ఇది ఎటూ చెప్పదు. సాయంత్రం మళ్ళీ చూస్తే ఆ రెండు నాణేలనీ కలుపుతూ ఒక పట్టీ మెలితిరిగి ఉంది. ఒకటి వదిలేస్తే రెండోది కూడా చేతిలో ఉండదు. కుర్రాడి మొహంలో ఆనందమేమీ లేదు, జాగ్రత్త మాత్రం ఉంది. వెనకాల ఓడలు అల మీద ఒకటి, అల కింద ఒకటి.

కార్డులకి ముందే తెలుసని నేను అనట్లేదు. 78లో పది తీస్తే ఏవో పది వస్తాయి. వేరే పది వచ్చినా వాటిలోనూ అమ్మనే కూర్చోబెట్టి ఉండేదాన్ని, అది మాత్రం ఖాయం. పడవ కార్డు గురించి వెయిట్ ఏమన్నాడో కూడా ఆ రాత్రి చూశాను. బరువు తక్కువ, దారి నున్నగా ఉంది, పడవవాడి శక్తికి మించిన పని కాదు అని రాశాడు. గెడ గురించి మాత్రం రాయలేదు.

ఆదివారం బయల్దేరేముందు అడిగాను, "నేను వెళ్తే నువ్వు ఉండగలవా?" అని. ఈ ప్రశ్న నిజంగా అడగడం అదే మొదటిసారి. అమ్మ ఆలోచించింది. వెంటనే ఉండగలనని అనకపోవడం నాకు మంచిదనిపించింది. మేడ మీద గది అద్దెకి ఇవ్వమంది, రాత్రి మనిషి అలికిడి ఉంటే చాలంది. మందులు తనకి తెలుసట, నేను డబ్బాల్లో నింపడం వల్లే కలగాపులగం అవుతున్నాయట. ఇంకొకటి అడిగింది: పెద్ద బండ లాంటి ఆ గ్యాస్ పొయ్యి తీసేసి కరెంటు పొయ్యి కొనమని. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు వచ్చేది రెండు రోజులు. ఆ రెండు రోజులూ నువ్వు చెప్పేదే సరిపోతుంది" అంది.

సోమవారం ఒప్పుకుంటూ రాసిచ్చాను. ఆర్డరు చివరికి లక్నోకి రాలేదు, రాయ్‌పూర్‌కి వచ్చింది. నేను కొనుక్కున్న స్వెటర్లు రెండూ బీరువాలోనే ఉన్నాయి. పది కార్డుల్లో ఒక్కటి కూడా రాయ్‌పూర్ అని చెప్పలేదు. రిటైరైన మేడమ్‌కి చెబితే "అడిగారా మరి?" అన్నారు.

ఇప్పుడు రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు ఒక కార్డు తీసి అమ్మకి ఫోన్ చేస్తాను. ఫొటో పంపించనివ్వదు. మాటల్లో చెప్పమంటుంది. మేడ మీద అద్దెకి దిగిన టీచరమ్మ కూడా ఒక్కోసారి స్పీకర్‌లో వింటుంది. నేను పేరు చెప్పకుండా, అర్థం చెప్పకుండా ఏముందో అదే చెప్పాలి. ఎక్కడైనా "పాపం" అంటే పట్టేసుకుంటుంది.

మొన్న మూన్ వచ్చింది. చంద్రుడు, చంద్రుడిలో మొహం అన్నాను. రెండు బురుజులు, మధ్యలోంచి పోతున్న దారి. ఒక కుక్క, ఒక తోడేలు, రెండూ మోరలెత్తి అరుస్తున్నాయి. కింద నీళ్ళ గుంట, అందులోంచి రొయ్య లాంటిది గట్టు మీదికి పాకుతోంది.

"రొయ్యా? ఎండ్రకాయా? సరిగ్గా చూడు."

"మీసాలున్నాయి, డెక్కలు కూడా ఉన్నాయమ్మా. పెద్దదే. దాదాపు కుక్క తలంత ఉంది."

అటువైపు ఏరేటర్ల చప్పుడు తప్ప కాసేపు ఏమీ వినపడలేదు. లెక్క వేసుకుంటోంది.

"కుక్క తలంతంటే," అంది అమ్మ, "కిలోకి ఎంత కౌంటొస్తుందే?"